పంతానికి కన్న బిడ్డ

లోకేశ్వరి తన బిడ్డను ముద్దు చేసుకోవాలని కనలేదు. పగ తీర్చుకోవాలని కన్నది. ఇది నేను కల్పించిన మాట కాదు. అడిగితే ఆమే చెబుతుంది, చేతిలో దారం ఆపకుండా, మల్లెమొగ్గలు ముడి వేస్తూనే.

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దారిలో ఆమె పూలకొట్టు ఉంది. మా ఇల్లు దానికి ఎదురుగా. ఆమె మీద మా వీధిలో చాలా కథలు నడిచాయి. చాలావాటిని నేను పక్కన ఉండి చూశాను, చూడనివి ఆమె నోటితోనే విన్నాను. అందుకే రాస్తున్నాను.

లోకేశ్వరిది పుత్తూరు పక్కన ఒక పల్లె. తండ్రి మునిరామయ్య చెరుకు వేసి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలేవాడు. ఆ మండీ యజమాని కొడుకే ధనశేఖర్. ఒకసారి తండ్రితో పాటు బండి మీద వచ్చిన పిల్లను చూసి ధనశేఖర్ తల్లి శకుంతలమ్మే సంబంధం అడిగింది. ఇంటర్ పరీక్షలు అయిపోగానే పెళ్ళి చేశారు. మొదటి రెండేళ్ళూ ఆ ఇంట్లో ఆమెకు ఏ లోటూ లేదు. మూడో ఏడు నుంచి శకుంతలమ్మ కోడలి ముఖం చూడడం మానేసి కడుపు చూడడం మొదలుపెట్టింది.

పొద్దున్నే పరగడుపున వేపచిగుళ్ళ రసం తాగించేది. సోమవారాలు, శుక్రవారాలు పస్తులు. అలిపిరి నుంచి కొండదాకా మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టించింది, పైకి చేరేసరికి లోకేశ్వరికి నడుము నిలవలేదు. ఇన్ని చేశాక ధనశేఖర్ ఆమెను వేలూరు తీసుకుపోయాడు. ఇద్దరికీ పరీక్షలు చేశారు. ఫలితాలకు మాత్రం ఒక్కడే పోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, తల్లి ముందే చెప్పాడు.

"ట్యూబులు రెండూ మూసుకుపోయినాయంట. ఇంగ లాభం లేదన్నాడు డాక్టరు."

లోకేశ్వరి నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకు కారణం ఏముంది?

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమెకు పేరు పోయింది. 'గొడ్డుది' అనే పిలిచేవాళ్ళు, మొదట చాటున, తర్వాత ఎదుటనే. ఆడబిడ్డ సీమంతానికి ముత్తయిదువులతో పాటు తానూ గాజులు తొడుగుదామని లోకేశ్వరి పళ్ళెం పట్టుకుంటే, శకుంతలమ్మ వచ్చి పళ్ళెం లాక్కుంది. "నువ్వు వంటింట్లో ఉండు. నీ చెయ్యి తగలకూడదు" అంది. హాలు నిండా జనం. ఎవరూ ఏమీ అనలేదు. ధనశేఖర్ అక్కడే ఉన్నాడు, గుమ్మం దగ్గర, తాంబూలాల సంచులు లెక్కపెట్టుకుంటూ.

చివరికి విడాకుల మాట వచ్చింది. మండీలోనే పెద్దమనుషులు కూర్చున్నారు. మునిరామయ్యను పిలిపించారు.

"గొడ్డుదాన్ని మాకు అంటగట్టినావు గదయ్యా" అంది శకుంతలమ్మ.

మునిరామయ్య చేతులు జోడించి, "తప్పైపోయిందమ్మా" అన్నాడు.

లోకేశ్వరికి ఆ పంచాయితీలో ఇంకేమీ గుర్తులేదు. సంతకం ఎక్కడ పెట్టిందో, ఎవరు ఏమన్నారో ఏమీ లేదు. చెయ్యని తప్పుకు తండ్రి తలవంచిన ఆ ఒక్క క్షణమే గుర్తుంది. మరుసటి ఏడు ఆయన పోయాడు. పల్లెలో ఉండలేక ఆమె తిరుచానూరులో ఉన్న చిన్నమ్మ మునిరత్నమ్మ దగ్గరికి వచ్చింది. మునిరత్నమ్మకు పిల్లలు లేరు, భర్త లేడు, గుడి దారిలో ఒక పూలబుట్ట ఉంది. ఇద్దరూ కలిసి ఆ బుట్టను కొట్టు చేశారు. తర్వాత లోకేశ్వరి కల్యాణ మండపాల అలంకారం పట్టింది. తిరుపతిలో, చిత్తూరులో పెళ్ళి పందిళ్ళకు ఆమె మనుషులు పూలు కట్టేవాళ్ళు. ఈ లోపల ధనశేఖర్ పుంగనూరు అమ్మాయి కోమలిని చేసుకున్నాడు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే, లోకేశ్వరి మా వీధిలో పూలమ్ముకునే ఒంటరి మనిషిగానే ఉండిపోయేది. నలభై ఒకటో ఏట ఆమెకు కడుపునొప్పి వచ్చింది. తిరుపతిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయింది. ఆవిడ స్కానింగు చేస్తూ మాటవరసకు అడిగింది.

"పిల్లలెంతమందమ్మా?"

"లేరు మేడం. ట్యూబులు మూసుకుపోయినాయి."

"ఎవరు చెప్పారు?"

"వేలూరులో చెప్పినారంట, శానా ఏండ్ల కిందట."

నొప్పి గ్యాస్ వల్ల వచ్చిందని తేలింది. కానీ లోకేశ్వరి లేవలేదు. ఆ ట్యూబులు ఇంకోసారి చూడమంది. డాక్టరు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించింది. రెండూ తెరిచే ఉన్నాయి. "ఇవి ఎప్పుడైనా మూసుకుపోయినట్టు నాకైతే అనిపించడం లేదు" అంది డాక్టరు. "మీ ఆయన్ని పరీక్ష చేశారా?"

ఆ ఒక్క ప్రశ్న చాలు. ఫలితాలకు ఒక్కడే పోయిన మొగుడు, తొమ్మిదేళ్ళయినా కడుపు పండని కోమలి, అన్నీ ఒకచోటికి వచ్చాయి. లోకేశ్వరి ఏడవలేదు. షేర్ ఆటోలో తిరిగి వచ్చి కొట్టులో కూర్చుని మాల కట్టింది. మునిరత్నమ్మ ఆ మాల చూసి, "ఏమే, పూలు నలిగిపోతా ఉండాయి. అట్లా బిగిస్తావేమి?" అంది.

అప్పుడు విషయం చెప్పింది. మునిరత్నమ్మ కొంగు దోపి లేచింది. "పద, ఇప్పుడే పోదాం చిత్తూరికి. మండీలో నిలబెట్టి వాని మొగం మీద అడుగుదాం."

"అడిగితే లేదంటాడు చిన్నమ్మా. ఆడదాని నోటిని ఎవురు నమ్ముతారు? కడుపునైతే నమ్ముతారు. నేను బిడ్డను కంటాను."

"ఈ వయసులో ఎవుర్ని చేసుకుంటావే?"

"ఎవుర్నీ చేసుకోను. ఆస్పత్రిలో దాత ఉంటాడంట. ఎవురని వాళ్ళు చెప్పరు, మనమూ అడగకూడదు. ఒంటిగా ఉండే ఆడమనిషి గూడా కనొచ్చు, చట్టం ఒప్పుకుంటాదని డాక్టరమ్మ చెప్పింది."

"బిడ్డే కావాలంటే యాడన్నా తెచ్చి పెంచుకోరాదా?"

"తెచ్చుకుంటే ఏమంటారు? గొడ్డుది గాబట్టి తెచ్చుకున్నాదంటారు. వాళ్ళు నా కడుపు సూడాల. చిత్తూరు బజారులో నా కడుపు ముందర పోవాల, నేను దాని వెనకాల పోవాల."

ఆరు నెలల పాటు సూదులు వేయించుకుంది. మొదటిసారి నిలవలేదు. ఈ వయసులో సొంత అండంతో కష్టం, వేరే వాళ్ళది తీసుకుందామా అని డాక్టరు అడిగితే ఒప్పుకోలేదు. "నాదే కావాల. ఇంకొక్కసారి సూడండి" అంది. రెండోసారి నిలిచింది.

కడుపు కనపడే నాటికి మా వీధి మాట్లాడడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున పూలు కొనే ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్ళు కొట్టు మార్చారు. పక్కన లాడ్జి గుమాస్తా ఒకడు బిడ్డకు తండ్రెవరని కూశాడు. లోకేశ్వరి బకెట్‌లో పూలు తడిపే నీళ్ళు వాడి చొక్కా మీద పోసింది. "ఇంగోసారి అడుగు, ఇంగో బకెట్ ఉండాది" అంది. మళ్ళీ వాడు ఆ పక్కకు రాలేదు. నాతో మాత్రం ఏదీ దాచలేదు. ఆస్పత్రి, దాత, అన్నీ చెప్పింది. నాకు భయం వేసింది, కానీ ఆమె ముఖం చూశాక వద్దని చెప్పే ధైర్యం రాలేదు.

ఏడో నెలలో చిత్తూరులో ఒక పెద్ద పెళ్ళికి పిలుపు వచ్చింది. పెళ్ళికొడుకు వాళ్ళది కూడా బెల్లం వ్యాపారమే. మండీ వాళ్ళంతా వస్తారని లోకేశ్వరికి తెలుసు. మామూలుగా పనివాళ్ళను పంపేది, ఆ రోజు తానే పోయింది. పట్టుచీర కట్టుకుంది. కడుపు దాచే కొంగు వేసుకోలేదు. ముహూర్తానికి జనం వస్తున్న వేళకు మండపం మెట్ల మీద నిలబడి, స్తంభానికి సంపంగి దండ సరిచేస్తూ ఉంది.

శకుంతలమ్మ కారు దిగింది. వెనకాల కోమలి, ధనశేఖర్. శకుంతలమ్మ మెట్లెక్కుతూ తల ఎత్తింది. ముందు లోకేశ్వరి ముఖం చూసింది, తర్వాత కడుపు చూసింది. కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

"బాగుండావా అత్తా?" అంది లోకేశ్వరి.

ధనశేఖర్ గిరుక్కున తిరిగి కారు వైపు నడిచాడు, ఏదో మరిచినవాడిలా. వెనక వచ్చిన ఆడవాళ్ళంతా చూశారు. వాళ్ళలో సగం మందికి లోకేశ్వరి తెలుసు. ఆ రోజు పళ్ళెం లాక్కున్నప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళే. భోజనాల్లో పెళ్ళికొడుకు ఊసు లేదు. మొదటామెకు కడుపొచ్చింది, రెండో ఆమెకు రాలేదు, మరి లోపం ఎవరిలో ఉన్నట్టు? ఇదే మాట.

లోకేశ్వరి తిరిగి వచ్చి ఆ సంగతి నాకు చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి. "నేను ఒక్క మాట అనలేదక్కా. బాగుండావా అన్నాను, అంతే" అంది. రెండు వారాలు ఆమె పాట పాడుకుంటూ పూలు కట్టింది. చిత్తూరు నుంచి పూలు తెచ్చే వాళ్ళు చెప్పేవాళ్ళు, మండీలో హమాలీలు కూడా ధనశేఖర్ వెనక నవ్వుకుంటున్నారని.

తర్వాత కోమలి వచ్చింది. మధ్యాహ్నం, ఎండలో, జుట్టు రేగి, నేరుగా కొట్టు ముందుకు వచ్చి అరిచింది.

"నీకు నా మొగుడే దొరికినాడా?"

నేను బయటికి వచ్చాను. గుడికి పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. లోకేశ్వరి నెమ్మదిగా, "ఎవురు చెప్పినారు?" అని అడిగింది.

"ఆయనే! మండీలో అందరి ముందరా చెప్పినాడు. విడాకులైనా మా మధ్య రాకపోకలు ఉండాయి, ఆ బిడ్డ నాదే అని. మా అత్త ఇల్లిల్లూ తిరిగి చక్కెర పంచతా ఉండాది, నా కొడుకు మొగోడు, లోపం ఈ రెండోదాంట్లోనే అని."

లోకేశ్వరి చేతిలో దారం ఆగిపోయింది. అలా ఆగడం నేను అదే మొదటిసారి చూశాను. ఇంత చేసి, ఒంట్లో ఇన్ని సూదులు గుచ్చుకుని, ఇంత నింద మోసి కడుపు తెచ్చుకుంటే, వాడు దాన్ని కూడా తనదే చేసుకున్నాడు. ఆమె ముఖం నల్లబడింది. లేచి కోమలిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది.

"నీకు పిల్లలు ఎందుకు కాలేదు, కోమలీ?"

కోమలి తల దించుకుంది. "ట్యూబులు మూసుకుపోయినాయంట."

"ఎవురు చెప్పినారు?"

"వేలూరులో. ఆయన పోయి తెలుసుకోని వచ్చినాడు."

లోకేశ్వరి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని మునిరత్నమ్మే బెదిరింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అన్నీ చెప్పింది, దాత సంగతితో సహా. కోమలి మొదట నమ్మలేదు. మరునాడు లోకేశ్వరే ఆమెను అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ట్యూబులు కూడా తెరిచే ఉన్నాయి. బయటికి వచ్చి కోమలి ఆస్పత్రి మెట్ల మీద కూలబడి, "పదేండ్లు అక్కా! పదేండ్లు నా చేత ఆ వేపరసం తాగించినారు" అని ఏడ్చింది.

"పోయి మండీలో అడుగుతాను" అని లేచింది. లోకేశ్వరి వద్దంది.

"ఇప్పుడు అడగొద్దు. వాణ్ణి ఇంకా చెప్పనీ. ఊరంతా చెప్పుకోనీ. ఎంతమందికి చెప్తే అంత మంచిది. నువ్వు ఇంటికి పోయి నోరు మూసుకోని ఉండు, నా బిడ్డకు పేరు పెట్టే దాకా."

కోమలి అలాగే చేసింది. అంత ఓర్పు ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో!

ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. తెలివి రాగానే లోకేశ్వరి అడిగిన మొదటి మాట, "ఎవురి మాదిరి ఉండాది?" అని. "అచ్చం మీ నాయన మాదిరే" అంది మునిరత్నమ్మ. అప్పుడు ఏడ్చింది లోకేశ్వరి, ఇన్నేళ్ళలో అదే మొదలు.

పేరు పెట్టడానికి మా వీధిలోనే ఒక చిన్న హాలు తీసుకుంది. ధనశేఖర్‌కు మనిషి చేత పిలుపు పంపింది. శకుంతలమ్మకు ప్రత్యేకంగా చెప్పమంది. వాళ్ళు రారనుకున్నాను నేను. లోకేశ్వరి మాత్రం, "వస్తారు. అంతమందికి చెప్పుకున్నంక రాకుండా ఎట్లా ఉంటారు?" అంది.

మూడు కార్లలో వచ్చారు. మండీ పెద్దమనుషులు, బంధువులు, ఆడబిడ్డ, అందరూ. శకుంతలమ్మ చేతిలో వెండి గజ్జెలు, పట్టుగుడ్డ. మొదటి వరసలో కూర్చుంది. కోమలి ఆమె పక్కనే, ఏమీ తెలియనట్టు. ధనశేఖర్ తెల్ల చొక్కా వేసుకుని, కొత్త తండ్రిలా అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

పంతులు బియ్యం పళ్ళెం ముందుకు జరిపి, బిడ్డ గోత్రం అడిగాడు. లోకేశ్వరి నోరు తెరిచేలోపల ధనశేఖర్ లేచి తన గోత్రం చెప్పాడు. హాల్లో చిన్న సందడి. శకుంతలమ్మ ముఖం వెలిగింది.

లోకేశ్వరి బిడ్డను మునిరత్నమ్మ ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది.

"అది కాదు పంతులుగారూ. మా నాయన గోత్రం రాయండి" అంది. ధనశేఖర్ వైపు తిరిగింది. "బిడ్డ నీదని ఊరంతా చెప్పినావంట. సంతోషం. ఈడ ఇంతమంది ఉండారు. నేను చెప్తా ఉండా, ఇది ఆస్పత్రిలో ఎవురో దాత ఇచ్చింది, ఆయన పేరు నాకూ తెలీదు. నువ్వు నీదంటా ఉండావు. పద, రేపు పొద్దున పోయి ముగ్గురమూ రక్తం ఇద్దాం. నీదని వస్తే ఈ బిడ్డను నీ చేతిలో పెట్టి నేను కొండెక్కి గుండు కొట్టించుకుంటా. వస్తావా?"

ధనశేఖర్ నవ్వబోయాడు. "ఇవన్నీ ఈడ ఎందుకు, లోకా? ఇంటికాడ మాట్లాడుకుందాం."

"వస్తావా, రావా?"

అతను మండీ పెద్దమనుషుల వైపు చూశాడు. వాళ్ళు అతని వైపే చూస్తున్నారు. అప్పుడు కోమలి లేచింది.

"వేలూరులో డాక్టరు ఏం చెప్పినాడో అది గూడా చెప్పు" అంది. "అక్కకూ ట్యూబులు మూసుకుపోయినాయి, నాకూ మూసుకుపోయినాయి. ఇద్దరివీ తెరిచే ఉండాయని తిరుపతిలో చెప్పినారు. మరి మూసుకుపోయింది ఎవురిది?"

ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. శకుంతలమ్మ నవ్వలేదు. ఆమె కొడుకు వైపు తిరిగింది. ఆ ముఖం చూస్తే నాకు అర్థమైంది, ఆమెకు నిజంగానే తెలియదు. తల్లిని కూడా వాడు ఇన్నేళ్ళూ నమ్మించాడు.

"ఏమిరా శేఖరా? ఏం చెప్పినారు వేలూరులో?"

"పదమ్మా, ఇంటికి పోదాం."

"ఈడనే చెప్పు."

అతను తలవంచుకుని నిలబడ్డాడు. అంతకంటే చెప్పేది ఏముంది?

లోకేశ్వరి శకుంతలమ్మ ముందుకు పోయి నిలబడింది. "మండీలో మా నాయన చేత తప్పైపోయిందని అనిపించినావు. ఇప్పుడు నీ కొడుకు చేత అనిపించు. మా నాయన లేడు, నాకు చెప్పినా సాలు."

ధనశేఖర్ గొంతులో ఏదో గొణిగాడు.

"వినపడలేదు" అంది లోకేశ్వరి.

"తప్పైపోయింది."

"వెనకుండేవాళ్ళకు వినపడలేదు."

మూడోసారి అందరికీ వినపడింది. లోకేశ్వరి పంతులు వైపు తిరిగి, "కానీండి" అంది. బిడ్డకు లోహిత అని పేరు పెట్టారు. వచ్చినవాళ్ళలో సగం మంది భోజనం చెయ్యకుండా పోయారు. మిగిలిన సగం కడుపునిండా తిని, చిత్తూరు చేరేలోపే కథ ఊరంతా చాటారు.

కోమలి ఆ కారు ఎక్కలేదు. తిరుచానూరు నుంచే బస్సెక్కి పుంగనూరు పోయింది, తర్వాత విడాకులకు వేసింది. ధనశేఖర్ మండీలో కూర్చోవడం మానేశాడు. బావ చూసుకుంటున్నాడట. సాయంత్రాలు ఇంటి ముందు కూడా కనిపించడట.

మొన్న ఒక శుక్రవారం శకుంతలమ్మ ఒక్కతే వచ్చింది. చిక్కిపోయింది. కొట్టు ముందు చాలాసేపు నిలబడింది. లోహిత లోపల చాప మీద ఆడుకుంటోంది.

"ఒక్కసారి ఎత్తుకుంటానే లోకా. నా మనవరాలు కాదని తెలుసు. ఊరికే ఎత్తుకుంటా. వాడు నన్ను గూడా మోసం చేసినాడు గదా."

"వాడు మోసం చేసినాడు, నిజమే" అంది లోకేశ్వరి. "నన్ను గొడ్డుది అని పిలిచింది మాత్రం నీ నోరే. అట్ల పిలవమని వాడేమన్నా చెప్పినాడా?"

ముసలామె కళ్ళు చాప మీది బిడ్డ వైపే ఉన్నాయి.

"పూలు కావాలంటే తీసుకో అత్తా. బిడ్డను ఇయ్యను."

ఆమె పూలు తీసుకోకుండానే గుడి వైపు పోయింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "పెద్దామె గదా, ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే ఏం పోయింది?" అన్నాను.

"మీరైతే ఇస్తారక్కా" అంది లోకేశ్వరి. "మిమ్మల్ని ఎవురూ ఏమీ అనలేదు గాబట్టి."

మునిరత్నమ్మ లోపలి నుంచి, "ఇంకెన్నాళ్ళే ఈ పగ? బిడ్డ పుట్టినాది, వాని పరువు పోయినాది. ఇంగనన్నా సల్లబడు" అంది.

లోకేశ్వరి ఇంకో ముడి వేసింది. "సల్లబడలేదు చిన్నమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాల? దీనికి జొరం వచ్చినప్పుడు మాత్రం పగ గుర్తుండదు. తగ్గినంక మల్లా గుర్తొస్తాది."

లోపల లోహిత కనకాంబరాల బుట్ట బోర్లా వేసింది. లోకేశ్వరి తిట్టుకుంటూ లేచింది.